ఒకే ఆయిలు, రెండు కార్లు: భీమవరం షెడ్డులో ఒక కేసు

చైన్ స్టోర్లు సొంత పేరుతో అమ్మే చవక ఇంజిన్ ఆయిలు కారుకు సరిపోతుందా అని మా షెడ్డుకు వచ్చేవారు అడుగుతూనే ఉంటారు. డబ్బా మీద సరైన గ్రేడు, సరైన ప్రమాణం ఉండి, అది అసలైన డబ్బా అయితే నిక్షేపంగా సరిపోతుందని చెబుతాను. కానీ మెకానిక్ నోటిమాటను ఈ విషయంలో ఎవరూ అంత తేలిగ్గా నమ్మరు, నమ్మనక్కరలేదు కూడా. పెద్ద కంపెనీల ఆయిలు అమ్మితే మాకు కమిషన్ వస్తుందని అందరికీ తెలుసు. నిరుడు ఒకే ఇంటి నుంచి వచ్చిన రెండు కార్లు ఈ ప్రశ్నను చక్కగా తేల్చిపెట్టాయి. ఆ కేసునే ల్యాబు అంకెలతో సహా ఇక్కడ రాస్తున్నాను.

కార్లు రెండూ మా భీమవరం పక్కన ‘ఉండి’ అనే ఊరి దగ్గరి ఒక పల్లెవి. అన్నదమ్ములిద్దరూ 2019లో ఒకే మోడలు హ్యాచ్‌బ్యాక్ కొన్నారు. నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్. టర్బో లేదు, వాల్వులు వేళకు తెరుచుకుని మూసుకునేలా తిప్పే టైమింగ్ బెల్టు స్థానంలో చైన్ ఉంది. ఫిల్టరుతో కలిపి మూడు లీటర్లకు కాస్త పైన ఆయిలు పడుతుంది. మాన్యువల్ అడిగే గ్రేడు (ఆయిలు ఎంత చిక్కగా ఉండాలో చెప్పే గుర్తు) 5డబ్ల్యూ-30. కొన్ననాటి నుంచి రెండింటికీ మా దగ్గరే సర్వీసు.

అన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. ఆయన కారు పొద్దున్నా సాయంత్రమూ ఇంటి నుంచి చెరువు గట్టుకు, గట్టు నుంచి ఇంటికి తిరుగుతుంది. ఒక్కో వైపు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపు ప్రయాణం అయిపోతుంది. తమ్ముడిది మేత వ్యాపారం. ఆయన కారు ఎక్కువగా హైవే మీదే ఉంటుంది. విజయవాడకు, అప్పుడప్పుడు హైదరాబాద్‌కు వెళ్లి వస్తుంది. అంటే ఇంజిన్ ఒకటే అయినా వాటి బతుకులు వేరు.

అన్నగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడ కాస్ట్‌కో దుకాణాలు కిర్క్‌లాండ్ పేరుతో, వాల్‌మార్ట్ సూపర్‌టెక్ పేరుతో సొంత ఇంజిన్ ఆయిలు అమ్ముతాయి. చాలామంది తెలుగువాళ్లు తమ కార్లకు వాటినే వాడతారు. అబ్బాయి అదే సంగతి తండ్రికి చెప్పాడు. తండ్రి విజయవాడలో కార్ల సామాన్లు అమ్మే ఒక చైన్ స్టోరుకు వెళ్లి, ఆ స్టోరు సొంత పేరుతో ఉన్న 5డబ్ల్యూ-30 డబ్బాలు ఒక పెట్టె కొనుక్కొచ్చాడు. మూడున్నర లీటర్ల డబ్బా 1,180 రూపాయలు పడింది. అదే గ్రేడులో పెద్ద బ్రాండు మా షెడ్డులో అప్పుడు 1,950. ఆ పెట్టెలోని డబ్బాలే రెండు కార్లకూ పోశాము. ఫిల్టర్లు కూడా ఒకే రకం వేశాము.

తొమ్మిది నెలల తరవాత అన్నగారి కారు ముందుగా వచ్చింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందు భాగంలో గొలుసు గలగలలాడినట్టు కొన్ని సెకన్ల శబ్దం. మలుపు తిరిగేటప్పుడు ఒకటి రెండుసార్లు ఆయిలు లైటు మినుకుమంది. “చవకగా వస్తుందని ఆ ఆయిలు పోయించానండీ, ఇంజిన్ తినేసింది. తమ్ముడి కారులోనూ తీసిపారేయండి” అన్నారాయన. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఆయిలు మార్చారు, ఆ తరవాతే శబ్దం వచ్చింది. ఎవరైనా ఆ రెండింటినీ కలిపే చూస్తారు.

నేను ఆయిలు తీయడానికి ముందు దాని మట్టం చూపే గేజి పుల్ల చూశాను. కింది గీతకు కూడా అందలేదు. చైన్‌ను బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిలు తక్కువైతే రాత్రంతా ఆగిన ఇంజిన్ స్టార్ట్ అయ్యాక టెన్షనర్ నిండడానికి ఆలస్యమవుతుంది. ఆలోపు చైన్ వదులుగా కొట్టుకుంటుంది. మలుపులో మిగిలిన ఆయిలు ఇంజిన్ అడుగున ఉండే చాంబర్‌లో ఒక పక్కకు ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది, లైటు వెలుగుతుంది. ఆయన చెప్పిన రెండు లక్షణాలకూ ఆయిలు మట్టం ఒక్కటే కారణం కావచ్చు. మరి ఆయిలు ఎందుకు తగ్గింది, ఉన్న ఆయిలు ఎలా ఉంది అన్నవి మిగిలిన ప్రశ్నలు.

ఆయిలు నల్లగా ఉంది. ఆయన దాన్ని చూపించి “చూశారా” అన్నారు. ఈ నలుపు గురించి ఒక మాట చెప్పాలి. మన ప్రాంతంలో ఆయిలు మంచిచెడ్డలు రంగును చూసి తేల్చే అలవాటు ఉంది. ఇంజిన్ ఆయిలులో డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు అనే రసాయనాలు కలుపుతారు. మసిని, మడ్డిని లోహం మీద పేరుకోనివ్వకుండా ఆయిలులోనే తేలుతూ ఉంచడం వాటి పని. ఆ పని చేస్తున్న ఆయిలు నల్లబడుతుంది. వేల కిలోమీటర్లు తిరిగాక కూడా తేనె రంగులోనే ఉన్న ఆయిలును చూస్తే నాకు అనుమానం వస్తుంది. ఫిల్టర్ కాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేశాను. మరక మధ్య నుంచి అంచు దాకా సమంగా పరచుకుంది. నల్లని ముద్ద మధ్యలో, నూనె మాత్రమే చుట్టూ అన్నట్టు విడిపోలేదు. మసిని మోసే శక్తి ఇంకా ఉందన్నమాట.

వాల్వ్ కవరు తీసి చూశాను. లేత గోధుమరంగు పూత తప్ప మడ్డి లేదు. ఆయిలు పోసే మూత లోపలి వైపు మాత్రం మీగడలాంటి తెల్లని పొర కనిపించింది. అది నీరు, ఆయిలు కలిసి ఏర్పడేది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గలేదు కాబట్టి, అది ఆయిలులో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్‌ను అనుమానించనక్కరలేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కని పొట్టి ప్రయాణాల్లో ఆవిరి బయటికి పోక అలా పేరుకుంటుంది.

తమ్ముడి కారును కూడా పిలిపించి, రెండు ఇంజిన్లనూ వేడిగా ఉండగానే ఆయిలు దించి, ధార మధ్యలోంచి శుభ్రమైన సీసాల్లో నమూనాలు పట్టాను. పెట్టెలో సీలు తీయని డబ్బా ఒకటి మిగిలి ఉంది. దాంట్లోంచి మూడో నమూనా తీశాను. ఈ మూడోది లేకపోతే మిగతా రెండింటి అంకెలకు పెద్ద అర్థం ఉండదు. వాడిన ఆయిలును దేనితో పోల్చాలో తెలియాలి కదా. మూడూ చెన్నైలోని ఒక ల్యాబుకు పంపాను.

కొత్త డబ్బా ఆయిలు చిక్కదనం 100 డిగ్రీల వద్ద 10.4 సెంటీస్టోక్స్. ఆయిలు గ్రేడులు నిర్ణయించే అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ లెక్కల ప్రకారం 30 గ్రేడు ఆయిలు 9.3కు తగ్గకుండా, 12.5 లోపు ఉండాలి. అంటే మధ్యలో చక్కగా కూర్చుంది. ఆమ్లాలను తటస్థం చేసే శక్తిని చెప్పే టీబీఎన్ 7.6. ఫాస్ఫరస్ 770 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 770 పాళ్లు. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని రాసి ఉంది, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) పెట్రోలు ఇంజిన్ల ఆయిలుకు పెట్టిన ఎస్‌పీ అనే ప్రమాణం. ఆ ప్రమాణంలో 5డబ్ల్యూ-30 ఆయిలుకు ఫాస్ఫరస్ 600 నుంచి 800 పీపీఎం మధ్య ఉండాలి. కాబట్టి ఈ పరీక్షల మేరకు డబ్బా మీది మాటకూ లోపలి సరుకుకూ తేడా లేదు.

తమ్ముడి కారు అదే ఆయిలుతో 8,900 కిలోమీటర్లు తిరిగింది. చిక్కదనం 9.8, టీబీఎన్ 4.1, ఇంజిన్ భాగాలు అరిగి ఆయిలులో చేరే ఇనుము 17 పీపీఎం, సిలికాన్ 9. ఏ అంకె చూసినా ఆరోగ్యమైన ఇంజిన్‌లో పనిచేసిన ఆరోగ్యమైన ఆయిలే. పెద్ద బ్రాండు ఆయిలు దించినప్పుడు ఇంతకంటే మెరుగైన ల్యాబు కాగితం వస్తుందని నేను ఆశించను.

అన్నగారి కారు తిరిగింది 5,200 కిలోమీటర్లే. కానీ ఇనుము 64, సిలికాన్ 51, అల్యూమినియం 14. టీబీఎన్ 2.9కు పడిపోయింది. పెట్రోలు కలవడం 2.8 శాతం. సిలికాన్, అల్యూమినియం దాదాపు ఈ పాళ్లలో కలిసి పెరిగితే మట్టి లోపలికి వెళ్లిందని అర్థం. మట్టిలో ఉండేవి ప్రధానంగా ఆ రెండే. ఆయిలులో కలిసిన సన్నని ఒండ్రు దుమ్ము వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టులా పనిచేస్తుంది. ఇనుము పెరగడానికి అదే కారణం.

గోదావరి డెల్టా అంటే నీళ్లు, పచ్చదనం అనుకుంటారు గానీ ఇంజిన్ లెక్కలో ఇది దుమ్ము ప్రాంతం. చెరువు గట్ల మీద గ్రావెల్ పరుస్తారు. టిప్పర్లు, మేత లారీలు దాన్ని పొడి చేస్తాయి. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు గడ్డి పొడి గాలిలో వేలాడుతుంది. రైస్ మిల్లుల ఊక బూడిద సంగతి చెప్పనే అక్కరలేదు. అన్నగారి కారు ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూస్తే దారి దొరికింది. మూతను బిగించే క్లిప్పుల్లో ఒకటి విరిగిపోయింది. ఫిల్టర్ కొత్తదే, కానీ మూత ఒక మూల లేచి ఉంది. ఫిల్టర్‌ను దాటుకుని ఆ సందులోంచి గాలి నేరుగా పోతోంది. డబ్బా లోపల, శుభ్రమైన గాలి ఉండాల్సిన వైపున, వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము ఉంది. దాని పక్కనే ఇంకో లోపం కూడా బయటపడింది. ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి పంపే పీసీవీ వాల్వు అతుక్కుపోయింది. ఆ వాల్వు కదలకపోతే నీరు, పెట్రోలు ఆవిరి లోపలే ఉండిపోతాయి, ఆయిలు కూడా ఖర్చవుతుంది.

ఇక్కడికి కేసు ముగిసిపోవాలి. కానీ కాగితంలో రెండు అంకెలు నన్ను ఆపాయి. పెట్రోలు కలిసిన ఆయిలు పలచబడాలి. అన్నగారి ఆయిలు చిక్కదనం మాత్రం 11.4. కొత్త ఆయిలు కంటే ఎక్కువ. వేడికి మాడి చిక్కబడిందా అంటే ఆక్సీకరణ అంకె తమ్ముడి కారుతో సమానంగానే ఉంది. రెండోది ఫాస్ఫరస్, 930 పీపీఎం. తమ్ముడి కారులో 745. కొత్త డబ్బాలో 770 ఉన్న పదార్థం వాడకంలో కాస్త తగ్గవచ్చు గానీ 160 పెరగదు. అది ఇంజిన్‌లో పుట్టదు. బయటి నుంచి రావాలి. ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్న, చిక్కని ఆయిలు ఏదో అందులో కలిసింది.

అన్నగారి డ్రైవరును పిలిచి నెమ్మదిగా అడిగాను. “నెల కిందట లైటు వెలిగిందండీ. చెరువు దగ్గర జనరేటరు ఆయిలు ఉంటే అదే లీటరు పోశాను” అన్నాడు. డబ్బా తెప్పించి చూశాను. 20డబ్ల్యూ-40, ఏపీఐ సీఎఫ్-4. అది 1990 నాటి డీజిల్ ప్రమాణం. జనరేటరుకు, పంపుసెట్టుకు బాగానే ఉంటుంది. ఆ డీజిల్ ఆయిళ్లలో అరుగుదలను ఆపే జింక్ ఫాస్ఫేట్ రసాయనం పాళ్లు ఎక్కువ. పెట్రోలు కారు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును ఫాస్ఫరస్ దెబ్బతీస్తుంది కాబట్టే ఎస్‌పీ ప్రమాణం దానికి హద్దు పెట్టింది. డ్రైవరు చేసింది తప్పని నేను అనలేదు. లైటు వెలుగుతుంటే ఖాళీ చాంబర్‌తో నడపడం కంటే ఏదో ఒక ఆయిలు పోయడమే నయం. కానీ ఆ సంగతి యజమానికి చెప్పి, ఆ వారంలోనే ఆయిలు మార్పించి ఉండాల్సింది.

కాబట్టి స్టోరు ఆయిలు ఇంజిన్‌ను తినలేదు. దుమ్ము తింది. పొట్టి ప్రయాణాలు, అతుక్కున్న వాల్వు ఆయిలు ఆయుష్షును తగ్గించాయి. ఆ ఆయిలు అంత మురికిని, అంత పెట్రోలును మోస్తూ కూడా మడ్డి పేరుకోనివ్వలేదని వాల్వ్ కవరు కింద నేను కళ్లారా చూశాను.

అన్నగారు అడిగినట్టు ఖరీదైన ఆయిలు పోసి ఉంటే శబ్దం పోయేది, ఆయన సంతోషించేవారు, నింద మాత్రం చవక ఆయిలు మీదే నిలిచిపోయేది. అందుకే ఎయిర్ ఫిల్టర్ డబ్బా, పీసీవీ వాల్వు మార్చి, ఫ్లష్ చేసి, మిగిలిన అదే చవక డబ్బాను మళ్లీ పోద్దామని పట్టుబట్టాను. ఇంజిన్‌కు ఏమైనా అయితే బాధ్యత నాదని రాసిచ్చాను. ల్యాబు ఖర్చు షెడ్డు పెట్టుకుంది. ఆయిలు గీత దాకా నిండిన మర్నాటి నుంచి పొద్దున్న శబ్దం రాలేదు. ఆయిలు ఒత్తిడి వేడి ఇంజిన్ మీద గేజి పెట్టి చూస్తే మాన్యువల్ చెప్పిన కనీసానికి బాగా పైనే ఉంది.

తరవాత ఆరు నెలలకు, 3,600 కిలోమీటర్ల దగ్గర మళ్లీ నమూనా తీశాను. అవే గట్లు, అదే డ్రైవరు, అదే ఆయిలు. సిలికాన్ 11, ఇనుము 19, ఫాస్ఫరస్ 755, చిక్కదనం 9.6. పెట్రోలు కలవడం ఒక శాతం దాటింది. ప్రయాణాలు పొట్టివి కాబట్టి అది పూర్తిగా పోదు.

రెండు కార్లతో ప్రపంచంలోని అన్ని చవక ఆయిళ్లకూ నేను హామీ ఇవ్వడం లేదు. ఈ డబ్బా ఎందుకు పనికొచ్చిందో తెలిస్తే ఇంకో డబ్బాను ఎలా చూడాలో తెలుస్తుంది. స్టోర్లు ఆయిలును తయారు చేయవు. బ్లెండింగ్ కంపెనీలు రిఫైనరీల నుంచి బేస్ ఆయిలు కొని, రసాయనాల మిశ్రమాన్ని వేరేగా కొని కలుపుతాయి. ఆ మిశ్రమాలు తయారు చేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో నాలుగే: లూబ్రిజోల్, ఇన్‌ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరొనైట్. పెద్ద పేర్ల ఆయిళ్లలో కూడా చాలావాటికి రసాయనాలు వచ్చేది ఈ గుమ్మాల నుంచే. ఒక ఆయిలు ఏపీఐ ఎస్‌పీ అనిపించుకోవాలంటే నిజమైన ఇంజిన్ల మీద పరీక్షలు నెగ్గాలి. 2020లో వచ్చిన ఈ ప్రమాణంలో టైమింగ్ చైన్ అరుగుదలకు ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. చైన్ ఉన్న కారుకు నేను ఎస్‌పీ కోసం చూసేది అందుకే. ప్రకటనల ఖర్చు, క్రికెట్ జెర్సీల మీద పేరు ఖర్చు ఆ పరీక్షల్లో లెక్కకు రావు.

డబ్బాను చూసేటప్పుడు ఒక తేడా కనిపెట్టాలి. ఏపీఐ లైసెన్సు ఉన్న డబ్బా మీద గుండ్రని ముద్ర ఉంటుంది. పై సగంలో ఎస్‌పీ లాంటి ప్రమాణం, మధ్యలో గ్రేడు. లైసెన్సు ఉన్న ఆయిళ్ల జాబితాను ఏపీఐ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఫోనులోనే వెతకవచ్చు. ముద్ర లేకుండా “ఏపీఐ ఎస్‌ఎన్‌కు సరితూగుతుంది” అని మాత్రమే రాస్తే అది తయారీదారు మాట. అలాంటివన్నీ చెడ్డవి కావు, మన దేశపు మంచి కంపెనీలు కూడా అలా రాస్తాయి. కానీ పేరు తెలియని చవక డబ్బా మీద ఆ మాట ఒక్కటే ఉంటే నేను పోయను. ఎస్‌ఎఫ్, ఎస్‌జీ లాంటి అక్షరాలు ఉంటే ఇంకా పోయను. అవి 1980ల నాటి ఇంజిన్లకు పెట్టిన ప్రమాణాలు, ఇప్పటికీ మన బజార్లలో మెరిసే డబ్బాల మీద అమ్ముడుపోతున్నాయి. తయారీదారు చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర డబ్బా మీద ఉండడం చట్టం ప్రకారం తప్పనిసరి. అవి లేని డబ్బాను చేతిలోకి తీసుకోనక్కరలేదు.

చవక ఆయిలు వద్దని నేను గట్టిగా చెప్పే కార్లూ ఉన్నాయి. 2020 ఏప్రిల్ తరవాతి బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. దానికి బూడిద తక్కువగా మిగిల్చే ఆయిలు కావాలి. మాన్యువల్‌లో ఏసీఈఏ (ఐరోపా కార్ల తయారీదారుల సంఘం) సీ2, సీ3 లాంటి ప్రమాణం రాసి ఉంటుంది. డబ్బా మీద ఆ అక్షరాలు లేకపోతే అది ఎంత పెద్ద బ్రాండైనా ఆ కారుకు పనికిరాదు. కారుకు తెచ్చిన ఆయిలు మిగిలిందని మోటారుసైకిల్‌లో పోయడం కూడా మన ఊళ్లలో మామూలే. చాలా బండ్ల క్లచ్ ఆయిలులోనే మునిగి ఉంటుంది. కారు ఆయిలు పోస్తే క్లచ్ జారవచ్చు. వాటికి జాసో ఎంఏ (మోటారుసైకిల్ ఆయిలుకు జపాను పెట్టిన ప్రమాణం) అని రాసి ఉన్నదే పోయాలి.

డబ్బు లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే ప్రశ్న మొదలైంది అక్కడే. అన్నగారి కారుకు ఏడాదికోసారి 1,950 రూపాయల ఆయిలు పోయడం కంటే, ఆరు నెలలకోసారి 1,180 రూపాయల ఆయిలు పోస్తే ఏడాదికి ఆయిలు మీద 410 రూపాయలే ఎక్కువ, ఫిల్టరు ఖర్చు అదనం. ఆ తేడాకు పెట్రోలు, నీరు, దుమ్ము కలిసిన ఆయిలు సగం కాలానికే బయటికి పోతుంది. గట్ల మీద తిరిగే కారుకు ఖరీదైన ఆయిలు ఇచ్చే ఏ గుణమూ దీనికి సాటిరాదు. తమ్ముడి కారుకు మాత్రం మాన్యువల్ చెప్పిన 10,000 కిలోమీటర్లే ఉంచాను. ఆయన అంకెలు చూశాక తగ్గించాల్సిన కారణం కనిపించలేదు.

ఇప్పుడు రెండు కార్ల డిక్కీల్లోనూ అదే స్టోరు ఆయిలు లీటరు డబ్బా ఒకటి ఉంటుంది. లైటు వెలిగితే పోయాల్సింది అదేనని మూత మీద రంగుపెన్నుతో కారు నంబరు రాశాను. ప్రతి ఆదివారం గేజి చూసే పని అన్నగారు డ్రైవరుకు అప్పజెప్పారు. దించిన ఆయిలును లైసెన్సు ఉన్న సేకరణదారుకే ఇస్తాను. ఖాళీ డబ్బాలను పాతసామాన్లకు వేసేముందు అడుగున మేకు దిగ్గొడతాను. అది చవక బ్రాండు డబ్బా అయినా, ఖరీదైన బ్రాండు డబ్బా అయినా సరే. మా షెడ్డు నుంచి వెళ్లిన డబ్బాలో ఎవరూ పాత ఆయిలు వడగట్టి నింపి అమ్మడానికి వీలుండకూడదు.